ఊరికే చెప్పే మాటలు ఇక్కడ తీసుకోబడవు

మా కార్యాలయంలో 'చెప్పాడు' అనే మాట చచ్చిపోయి ఈ శ్రావణానికి ఏడాది దాటింది. దాని చావు కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

నా పేరు పేరూరి సోమలింగం. కాలువల శాఖ డివిజనల్ కార్యాలయంలో వాఙ్మూల గుమాస్తాని. జనం వచ్చి నోటితో చెప్పింది కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లు ఒకటే వాక్యం రాశాను: ఫలానా ఊరు, ఫలానా ఆసామి, కార్యాలయానికి వచ్చి ఫలానా సంగతి చెప్పాడు. కింద సంతకమో వేలిముద్రో. ఆ ఒక్క వాక్యంతోనే తూములు బాగుపడ్డాయి, గట్లకి గండ్లు పూడాయి, కాలువల్లో గుర్రపుడెక్క తీయించారు. నా వాక్యం విని ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ పని మాత్రం జరిగేది.

కిందటేడు ఎండల్లో మా డివిజనల్ అధికారి ప్రభంజనరావుగారు 'భావ వ్యక్తీకరణ నైపుణ్యాలు' అనే మూడు రోజుల శిక్షణకి నగరం వెళ్లొచ్చారు. అక్కడ కీర్తివర్ధన్ అని ఒక శిక్షకుడు, చెవి దగ్గర్నుంచి మూతి దాకా సన్న మైకు తగిలించుకున్నవాడు, ఇంగ్లీషులో 'సే' అనే మాట ఒకటుందనీ, అది వాడి వాడి అరిగిపోయిందనీ, చదువుకున్నవాళ్లు దాని బదులు వాడటానికి నూట పన్నెండు మాటలు సిద్ధంగా ఉన్నాయనీ ఆయన కళ్లు తెరిపించాడట. విస్పర్, మర్మర్, డిక్లేర్ అంటూ నూట పన్నెండూ అచ్చేసి, లామినేషన్ చేసిన అట్ట ఒకటి చేతికిచ్చి పంపాడు. ఆ అట్టని ప్రభంజనరావుగారు దారి పొడవునా రైల్లో ఒళ్లోనే పెట్టుకుని వచ్చారని ఆయన డ్రైవరు మాకు చూసినట్టు వివరించాడు.

మర్నాడే సిబ్బంది సమావేశం.

"మిత్రులారా, మన దస్త్రాల్లో పదదారిద్ర్యం తాండవిస్తోంది" అని మొదలుపెట్టారాయన. "గత ఆర్థిక సంవత్సరంలో ఈ కార్యాలయంలో 'చెప్పాడు' అన్న క్రియ పదకొండు వేల నాలుగు వందల సార్లు వినియోగించబడినట్లు ప్రాథమిక అంచనా. ఒకే మాటని పదకొండు వేల సార్లు! ప్రపంచం ఎక్కడుంది, మనం ఎక్కడున్నాం? ఈ క్షణం నుంచి 'చెప్పాడు', 'అన్నాడు' అనేవి ఈ ప్రాంగణంలో రద్దు చేయబడినవిగా భావించవలసింది."

అటెండరు నూకరాజు చెయ్యెత్తాడు. యాభై దాటిన మనిషి, ఎవరికీ భయపడడు. "అయితే టీ వచ్చిందని తవఁరికి నేనెలా చెప్పాలండి?"

"చెప్పకు. నివేదించు."

"మీరు వద్దంటేనో?"

"నేను అనను. సెలవిస్తాను."

మొదటి నెలంతా సరదాగానే గడిచింది. మా దస్త్రాలు పౌరాణిక నాటకాల్లా తయారయ్యాయి. కాలువ కాపలా చూసే లస్కరు గట్టు మీద పాము కనబడిందని ఘోషించాడు. జీపు పంచరైందని డ్రైవరు ఆక్రోశించాడు. పై అధికారిగారు మీటింగు బుధవారానికి మార్చమని ఉద్ఘాటించారు. టైపిస్టు సుగుణమ్మగారు మర్నాడు సెలవు కావాలని గద్గద స్వరంతో అర్థించినట్టు హాజరు పట్టీలో నమోదైంది. ఆమె మాత్రం మామూలుగానే అడిగింది, పైగా నవ్వుతూ అడిగింది.

అసలు గొడవ హోదాల దగ్గర వచ్చింది. ఏ మాట ఎవరికి అన్న ప్రశ్న పుట్టింది. ప్రభంజనరావుగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వారం రోజులు శ్రమించి ఒక పట్టిక వేశారు. పై అధికారులకి సెలవిచ్చుట, ఉద్ఘాటించుట, వక్కాణించుట, హెచ్చరించుట. మధ్య వరస వారికి తెలియజేయుట, వివరించుట. కింది సిబ్బందికి మనవి చేయుట, విన్నవించుట. మిగిలినవన్నీ జనానికి: మొరపెట్టుకొనుట, వాపోవుట, ప్రాధేయపడుట, దుయ్యబట్టుట, గొణుగుట, సణుగుట. పొరపాటున 'గొణుగుట' జూనియర్ అసిస్టెంట్ల వరసలో టైపు అయిపోయింది. వాళ్లు రెండు రోజులు కలాలు కింద పెట్టి, మాకు 'పలుకుట' ఇస్తే గాని లేవమని మెట్ల మీద కూర్చున్నారు. చివరికి 'పలుకుట' మంజూరైంది, కానీ నెలకి పదిసార్లకు మించకుండా.

ఆ పట్టిక మీద నేనూ సంతకం పెట్టాను. పదవీ విరమణకి ఇంకా ఆరేళ్లుంది. ఇందులో ఎవరికీ పోయేదేముందిలే అనుకున్నాను.

తర్వాత తనిఖీ వాళ్లొచ్చారు. వాళ్లు చాలా నిక్కచ్చి మనుషులు. "ఈ ఆసామి 'వాపోయాడు' అని రాశారు. వాపోయినట్లు రుజువేది? కళ్లు తడిసినట్లు ఎవరు ధ్రువీకరించారు?" అని పద్దెనిమిది అభ్యంతరాలు రాసి వెళ్లారు. ప్రభంజనరావుగారు వాటిని కొట్టిపారేస్తారనుకున్నాం. ఆయన ముఖం వెలిగిపోయింది. అట్టలో లేనిది ఇదే కదా అన్నట్టు, వారం తిరక్కుండా వరండాలో వరసగా నాలుగు కిటికీలు కొట్టించారు. ఒకటి మొర, రెండు ప్రాధేయం, మూడు ఆగ్రహం, నాలుగు సణుగుడు. వచ్చినవాళ్లు తమ రీతికి తగిన కిటికీ దగ్గరికి పోవాలి. అక్కడ ఆ రీతిలోనే మాట్లాడాలి. మొర కిటికీ దగ్గర కన్నీళ్లు కనబడాలి, ప్రాధేయానికి రెండు చేతులూ జోడించాలి, ఆగ్రహానికి ఎవరినైనా పేరు పెట్టి తిట్టాలి. అంతా సరిగ్గా ఉందని నేను ధ్రువీకరించి 'మాట రీతి' అనే గడిలో ముద్ర వేయాలి. ముద్ర లేని కాగితం లోపలికి పోదు. గేటు పక్కన ఎర్రరంగు బోర్డు వెలిసింది: 'ఊరికే చెప్పే మాటలు ఇక్కడ తీసుకోబడవు.'

జనం అలవాటు పడిపోయారు. మన జనం దేనికైనా అలవాటు పడతారు, అదే నాకు కోపం. నూకరాజు గేటు దగ్గరే నిలబడి వచ్చినవాళ్లకి నేర్పేవాడు. "గొంతు ఇంకాస్త వణకాలండి. నిన్నొచ్చినాయన ఎంత బాగా మొరెట్టుకున్నాడో, కూడా వచ్చినోళ్లు కూడా ఏడ్చేసేరండి." ముప్పై ఎకరాల మోతుబరి ఒకాయన తూము కోసం కిటికీ ముందు నేల మీద పొర్లి ముద్ర వేయించుకుని, లేచి చొక్కా దులుపుకుని, స్కూటరెక్కి వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం మరిడమ్మ వచ్చింది.

నలభై అయిదేళ్లుంటాయి. చినపేరంపాలెం బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. చేతిలో గుడ్డసంచీ, కాళ్లకి బురద. బోర్డు చదవలేదు, ఏ కిటికీ దగ్గరా ఆగలేదు, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చేసింది.

"బాబుగారూ, మా ఊరి కాలవ మీద చెక్క వంతెనుంది గదండి, దాని బల్లలు పుచ్చిపోయేయండి. మూడో బల్ల నిన్న కాలేత్తే లోపలికి దిగిందండి. ముప్పైయారు మంది పిల్లలు దాని మీంచే బడికొత్తారండి. అది చెప్పి పోదారని వచ్చేనండి."

ఇరవై రెండేళ్లలో ఇంత శుభ్రమైన వాఙ్మూలం నేను వినలేదు. ఎక్కడ, ఏమిటి, ఎప్పుడు, ఎవరికి ప్రమాదం, అన్నీ నాలుగు ముక్కల్లో ఉన్నాయి. నా చెయ్యి అలవాటు కొద్దీ కలం మీదికి పోయింది. వెంటనే గడి గుర్తొచ్చింది.

"చూడమ్మా, ఇలా చెబితే రాసుకోవడానికి లేదు. మొదటి కిటికీ దగ్గరికి వెళ్లి మొరపెట్టుకో. కాస్త కళ్లనీళ్లు పెట్టుకో, చాలు" అన్నాను.

"ఎందుకండి?"

"రూలమ్మా."

"ఏడవాల్సినప్పుడు ఏడుత్తానండి. ఇంకా ఎవరికీ ఏం కాలేదు గదండి. ఏం కాకుండా ఉంటాకే వచ్చేను."

మూడో కిటికీకి పంపాను. అక్కడి గుమాస్తా ఎవరినైనా తిట్టమన్నాడు. ఎవరిని తిట్టాలో ఆమెకి తెలియలేదు. వంతెన పాతదైపోయిందిగాని ఎవరూ విరగ్గొట్టలేదు కదండి అని ఆమె అతనికే సర్దిచెప్పింది. నాలుగో కిటికీ దగ్గర ఆమె గొంతు మరీ స్పష్టంగా ఉందని, ఇది సణుగుడు కిందికి రాదని వెనక్కి పంపారు. మధ్యాహ్నం వంటకి వేళ మించిపోతోందని ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది.

రెండో సోమవారం మళ్లీ వచ్చింది. మూడో బల్లతో పాటు నాలుగోదీ కదులుతోందట. ఈసారి నాకు ఆ గడి మీద ఒళ్లు మండింది. ఆమె చేస్తున్నదానికి సరైన మాట పట్టికలోనే ఉంది కదా అని తోచి, 'మరిడమ్మ హెచ్చరించినది' అని రాసి, ముద్ర కొట్టి, కాగితం నేనే లోపలికి తీసుకెళ్లాను.

ప్రభంజనరావుగారు చదివి కళ్లజోడు తీసేశారు.

"సోమలింగంగారూ, హెచ్చరించుట ఏ హోదాకి కేటాయించబడింది?"

"కార్యనిర్వాహక ఇంజనీరు, ఆ పైవారికండి."

"ఈమె హోదా?"

"బళ్లో వంటమనిషండి. కానీ సార్, వంతెన నిజంగానే..."

"వంతెన సంగతి తర్వాత. నాకే ఇంకా హెచ్చరించుట రాలేదు, దస్త్రం పైన పెండింగులో ఉంది. నేనే ఎవరినీ హెచ్చరించలేని స్థితిలో ఒక వంటమనిషి శాఖని హెచ్చరించిందని మీరు రాస్తే, రేపు లస్కర్లు సెలవివ్వడం మొదలుపెడతారు. వ్యవస్థ ఏం కావాలి?" అని కాగితానికి అడ్డంగా ఎర్రగీత గీశారు.

మూడో సోమవారం ఆమె సంచీలోంచి ఒక తువ్వాలు తీసి నా బల్ల మీద విప్పింది. అందులో జానెడు చెక్క ముక్క. వేలితో నొక్కితే అటుకుల్లా పొడి రాలింది. దాన్నీ లోపలికి పట్టుకెళ్లాను. ఆయన దూరం నుంచే చూశారు.

"ఈ చెక్క ఏ రీతిలో వ్యక్తీకరిస్తోంది?"

"చెక్క కదండీ, మాట్లాడదు."

"మాట్లాడని వస్తువులకి మన దగ్గర కిటికీ లేదు. ప్రతిపాదన పెట్టండి, వచ్చే బడ్జెట్టులో పరిశీలిద్దాం. ఈలోగా ఆ చెదపురుగుల్ని అట్టకి దూరంగా ఉంచండి."

బయటికొచ్చి ఆమె ముందు నేనే చేతులు జోడించాను. "నీకు పుణ్యం ఉంటుంది, ఒక్కసారి ఏడువమ్మా. రెండు చుక్కలు. మిగతాది నేను చూసుకుంటాను."

నూకరాజు కూడా జాలిపడి, క్యాంటీన్‌కి పరిగెత్తి సగం కోసిన ఉల్లిపాయ పట్టుకొచ్చాడు. మరిడమ్మ దాన్ని చూసి నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

"రోజూ రెండు కేజీలు కోత్తానండి. నాకెప్పుడో ఆగిపోయేయి నీళ్లు." ఉల్లిపాయ నూకరాజు చేతికే ఇచ్చేసింది. "పర్లేదు బాబుగారూ. రేపట్నించి పొద్దున్నే పిల్లల కంటే ముందు నేను దాటతానండి. ఒక్కో బల్లా తొక్కి చూసి, అప్పుడు రమ్మంటాను. మీ కాగితం అయినప్పుడే అవుద్ది."

ఆ మాటకి నేను సిగ్గుపడ్డాను. సిగ్గుపడి, ఇంటికెళ్లి, అన్నం తిన్నాను.

నాలుగో సోమవారం ఆమె రాలేదు. పది గంటలకి బడి హెడ్మాస్టరు ఫోను చేశాడు. పొద్దున్న బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మరిడమ్మ వంతెన ఎక్కింది. ఒడ్డున పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. మూడో బల్ల దాటింది, నాలుగో బల్ల విరిగింది. డబ్బాతో సహా కాలువలో పడింది, కింద పాత గుంజకి కొట్టుకుని తొడ ఎముక విరిగింది. నీళ్లలోంచే చెయ్యెత్తి, ఎవరూ రావద్దని పిల్లలకి సైగ చేసిందట. ఒక్క పిల్ల కాలు కూడా వంతెన మీద పడలేదు.

హెడ్మాస్టరు ఇదంతా అరుస్తూ అన్నాడు కాబట్టి మూడో కిటికీ వాళ్లు ముద్ర వేసి కాగితాన్ని అయిదు నిమిషాల్లో లోపలికి పంపారు. మా పద్ధతి ఎంత చురుకైందో అప్పుడే అందరికీ తెలిసొచ్చింది.

వారం లోపల పైనుంచి విచారణ అధికారి వచ్చారు. పెద్దమనిషి. తెల్లచొక్కా, మెత్తటి గొంతు. అడిగింది ఒక్క ప్రశ్నే.

"వంతెన బాగాలేదని ప్రమాదానికి ముందు మీ కార్యాలయానికి ఎవరైనా వచ్చి చెప్పారా?"

ప్రభంజనరావుగారు లేచి నిలబడ్డారు. "అయ్యా, ఈ కార్యాలయంలో పద్నాలుగు నెలలుగా ఎవరూ ఏదీ చెప్పలేదని సగర్వంగా నివేదిస్తున్నాను. దస్త్రాలే సాక్ష్యం." రిజిస్టర్లు తెచ్చి బల్ల మీద పేర్చారు. విచారణ అధికారి ఒక్కొక్కటే తిరగేశారు. వందల మంది మొరపెట్టుకున్నారు, వందల మంది ప్రాధేయపడ్డారు, దుయ్యబట్టారు, సణిగారు. చెప్పినవాడు ఒక్కడూ లేడు. మరిడమ్మ పేరు ఏ గడిలోనూ లేదు. ఎర్రగీత పడ్డ కాగితం రిజిస్టరులోకి ఎక్కదు కదా.

"చాలా శుభ్రంగా ఉంచారు" అని ఆయన మెచ్చుకున్నారు. తర్వాత తలెత్తి నా వైపు చూశారు. "గుమాస్తాగారూ, మీరేమైనా కలుపుతారా?"

మూడు సోమవారాలు నా ఎదురుగా నిలబడ్డ మనిషి గురించి ఒక్క ముక్క అనాలి. ప్రభంజనరావుగారు నన్నే చూస్తున్నారు. గోడ మీద అట్ట, అందులో నూట పన్నెండు మాటలు. నాకు ఒక్కటీ నోట రాలేదు. తల అడ్డంగా ఊపాను. నేను పిరికివాణ్ణి, ఈ సంగతి ఏ కిటికీ దగ్గరైనా ధ్రువీకరిస్తాను.

'ముందుగా ఎవరూ చెప్పిన దాఖలా లేదు' అని నివేదిక పోయింది. దానితో పాటే మా కిటికీల పద్ధతిని మిగతా డివిజన్లకీ విస్తరించాలని సిఫార్సు. ప్రభంజనరావుగారికి హెచ్చరించుట మంజూరైంది. ఆ సాయంత్రమే నూకరాజుని రెండుసార్లు హెచ్చరించారు, టీలో పంచదార ఎక్కువైందని.

మర్నాడు నన్ను పిలిచారు. "ఇప్పుడు ఆ వంటమనిషికి నొప్పులుంటాయి, సహజంగానే కన్నీళ్లుంటాయి. ఆసుపత్రికి వెళ్లి మొర కింద నమోదు చేసుకురండి. మానవతా దృక్పథం కూడా మనకి అవసరమే."

పెద్దాసుపత్రి ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. నేను వెళ్లేసరికి ఆమె గోడ వైపు తిరిగి ఉంది. నన్ను చూసి లేవబోయింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"క్షమించమ్మా" అన్నాను. ఏడాదిగా నేనన్న మాటల్లో పట్టికలో వెతుక్కోకుండా వచ్చింది అదొక్కటే.

"మీరేం చేత్తారు బాబుగారూ. అది సరేగాని, ఒక మాటండి. మా వంతెన పోయింది గదా, పిల్లలు ఇప్పుడు లాకుల కాడ వంతెన మీంచి వెళ్తన్నారంట. అదీ ఇదీ ఒకేసారి కట్టేరండి, చెక్క కూడా ఒకటే. నేనెళ్లి తొక్కి చూద్దారంటే ఈ కాలొకటి. మీరెవరికైనా చెప్పండి."

'మొర' అని ముందే ముద్ర కొట్టి తెచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది. తిరిగొచ్చి తెల్లకాగితం తీసుకుని నా పాత వాక్యం రాశాను: చినపేరంపాలెం మరిడమ్మ, లాకుల దగ్గరి వంతెన బల్లలు పుచ్చిపోయాయని చెప్పింది. గంటలో కాగితం వెనక్కి వచ్చింది. మా కార్యాలయంలో ఏ కాగితమూ అంత తొందరగా తిరిగి రాలేదు. 'చెప్పింది' చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన రాసి ఉంది: 'నిషిద్ధ పదం. సరైన రీతితో పునః సమర్పించవలెను. ఇది హెచ్చరిక.'

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి నేను కార్యాలయానికి వెళ్లలేదు. లాకుల దగ్గర బస్సు దిగాను. వంతెన ఎదురుగా ఉంది. ఒక బల్ల మీద కాలు పెట్టి చూశాను, మెత్తగా దిగింది. వెనక్కి వచ్చి మొదట్లోనే నిలబడ్డాను. ఇరవై మూడేళ్ల సర్వీసులో కాలువ దగ్గరికి రావడం అదే మొదలు.

కాసేపటికి పిల్లలొచ్చారు, పుస్తకాల సంచులతో, గోలగోలగా. నేను చేతులు చాపి అడ్డం నిలబడ్డాను.

"దీని మీద నడవకండమ్మా. బల్లలు బాగాలేవు. చుట్టూ తిరిగి రోడ్డు మీది వంతెన మీంచి వెళ్లండి."

"అటేపు శానా దూరమండి" అన్నాడు ఒకడు.

ముందున్న రెండు జడల పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసింది. ఈ కళ్లజోడు మనిషి ఎవరో, ఎందుకు నమ్మాలో ఆమెకి అర్థం కాలేదు. నేను ఏడవలేదు, చేతులు జోడించలేదు, ఎవరినీ తిట్టలేదు.

"ఎవరు చెప్పేరండి?" అంది.

"మరిడమ్మ చెప్పింది" అన్నాను.

ఆ పిల్ల ఇంకో మాట అడగలేదు. వెనక్కి తిరిగి మిగతావాళ్లకి "ఒరే, మరిడమ్మ చెప్పిందంట" అంది. ముప్పైయారు మందీ సంచులు సర్దుకుని రోడ్డు వైపు నడిచారు.